ఏరి చంపినదాన్ని ‘విషాదం’ అనకండి

“శవాల మీద రాజకీయం చేయొద్దు.” యూనివర్సిటీలోకి ఎవడో తుపాకీతో చొరబడి పిల్లల్ని కాల్చి చంపిన ప్రతిసారీ, నేల మీద నెత్తురు కడగకముందే ఈ మాట వినిపిస్తుంది. నాయకులు అంటారు, సంపాదకీయాలు అంటాయి, మంచి మనసున్న మామూలు మనుషులూ అంటారు. అందుకే దీన్ని వెక్కిరించి వదిలేయడం కుదరదు. దాని బలమంతా దానికిచ్చి చెప్పుకుంటే ఈ అభిప్రాయం ఇలా ఉంటుంది: చనిపోయినవాళ్ళు ఏ ఉద్యమంలోనూ సభ్యత్వం తీసుకుని చనిపోలేదు. వాళ్ళకు పేర్లున్నాయి, ఇష్టాలున్నాయి, సగంలో ఆగిపోయిన చదువులున్నాయి. సంస్మరణ అంటే వాటిని తలుచుకోవడం. చంపినవాడికి మతి చెడింది. మతి చెడినవాడి చేతలో అర్థం వెతకడం దండగ. ఆ చేతకు ఒక సిద్ధాంతం పేరు తగిలిస్తే పోయినవాళ్ళను జెండా కర్రలుగా వాడుకున్నట్టే. పైగా కారణాలు తవ్వేకొద్దీ హంతకుడి పేరే ఊరంతా మోగుతుంది. కన్నవాళ్ళ కడుపుకోతకు కావలసింది నిశ్శబ్దం. కాబట్టి పూలు పెట్టండి, పేర్లు చదవండి, కాసేపు మౌనం పాటించండి, అక్కడితో ఆపండి.

విడివిడిగా చూస్తే ఇందులో ప్రతి వాక్యం మర్యాదగానే ఉంది. కలిపి చూస్తే మాత్రం ఇది పోయినవాళ్ళకు చేసే అన్యాయం. ఆ సంగతిని గాలిలో తేల్చలేం. ఒక ఘటనను పట్టుకుని, ఈ సలహాను ఏళ్ళ తరబడి పాటిస్తే ఏం మిగిలిందో చూడాలి. అలాంటి ఘటన కెనడాలోని మాంట్రియల్‌లో ఉంది.

1989 డిసెంబరు 6 సాయంత్రం, యూనివర్సిటీ ఆఫ్ మాంట్రియల్‌కు అనుబంధంగా నడిచే ఎకోల్ పాలిటెక్నిక్‌లోకి 25 ఏళ్ళవాడొకడు రైఫిల్‌తో వచ్చాడు. పేరు చూసి మన డిప్లొమా పాలిటెక్నిక్ అనుకోవద్దు. అది పేరున్న ఇంజనీరింగ్ కాలేజీ. రెండో అంతస్తులో ఒక క్లాసులోకి వెళ్ళి ఆడవాళ్ళను ఒక పక్కకు, మగవాళ్ళను ఒక పక్కకు నిలబడమన్నాడు. సుమారు 50 మంది మగవాళ్ళను బయటకు పంపేశాడు. మిగిలిన 9 మంది అమ్మాయిలకు తాను స్త్రీవాదం మీద పోరాడుతున్నానని చెప్పి కాల్చాడు. వాళ్ళలో ఆరుగురు చనిపోయారు. తర్వాత వరండాలు, క్యాంటీను, ఇంకో తరగతి గది. 20 నిమిషాల్లోపు 14 మందిని చంపి తననూ కాల్చుకున్నాడు. ఆ 14 మందీ ఆడవాళ్ళే: 12 మంది ఇంజనీరింగ్ విద్యార్థినులు, ఒక నర్సింగ్ విద్యార్థిని, కాలేజీ ఆఫీసులో పనిచేసే ఒక ఉద్యోగిని. గాయపడ్డవాళ్ళు మరో 14 మంది. అందులో నలుగురు మగవాళ్ళు.

ఆ నగరంలో ఈ మరణాల జ్ఞాపకార్థం ఒక ఉద్యానవనం ఉంది. ‘1989 డిసెంబరు 6 ప్రాంగణం’ అని దాని పేరు. అక్కడి ఫలకం మీద జరిగినదాన్ని ‘విషాద ఘటన’ అని రాశారు. వరద వస్తే విషాదం, వంతెన కూలితే విషాదం, ఒక గదిలో ఆడవాళ్ళను ఏరి కాల్చినా విషాదమే. 2019లో, 30 ఏళ్ళు నిండే వేళకు, ఆ ఫలకం తీసి కొత్తది పెట్టారు. 14 మంది మహిళలు స్త్రీవాద వ్యతిరేక దాడిలో హత్యకు గురయ్యారని అందులో రాశారు. రెండు ఫలకాల మధ్య తేడా నాలుగైదు మాటలు. ఆ నాలుగైదు మాటలు రావడానికి 30 ఏళ్ళు ఎందుకు పట్టిందో అడిగితే, నేను పైన చెప్పిన మర్యాదస్తుల అభిప్రాయమే జవాబు.

1. ‘పిచ్చివాడి చేతకు అర్థం వెతకొద్దు’

మొదట ఈ పిచ్చి సంగతి తేల్చాలి, మిగతా వాదమంతా దీనికే ఆనుకుని ఉంది గనక. పిచ్చి అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడతాం. ఒకటి వైద్యుడు పరీక్షించి చెప్పే జబ్బు. రెండోది, ‘ఇలాంటి పని మనిషన్నవాడు చేయడు’ అనే మన అసహ్యం. రెండోదాన్ని చూపించి మొదటిది రుజువైపోయిందనడం ఈ వాదంలోని గారడీ. సరే, వాదన కోసం జబ్బే అనుకుందాం. 60 మంది ఉన్న గదిలో ఎవరిని వదిలెయ్యాలో, ఎవరిని ఉంచుకోవాలో జబ్బు చెప్పదు. అలా ఏరడానికి ఒక లెక్క కావాలి: ఈ గదిలో కూర్చునే హక్కు ఎవరిది, దూరి వచ్చినవాళ్ళెవరు అనే లెక్క. అది వాడి బుర్రలో మొలిచింది కాదు. ఇంజనీరింగ్ మగవాళ్ళ సొత్తు అనే ఊహ ఎంత పాతదో మనకూ తెలుసు. తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత 1940లలో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేస్తే, పట్టా మీద ‘అతడు’ అని అచ్చయి ఉన్నదాన్ని కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో దిద్దాల్సి వచ్చింది. ఆ కాగితం అచ్చువేసినవాళ్ళకు పిచ్చి లేదు. వాళ్ళకు తెలిసిన లోకంలో ఇంజనీరంటే ‘అతడు’, అంతే. మాంట్రియల్ హంతకుడు అదే కాలేజీలో సీటు దొరకనివాడు, మగవాళ్ళ చోటును ఆడవాళ్ళు లాక్కుంటున్నారని నమ్మినవాడు. వాడికి జబ్బు ఉంటే ఉండొచ్చు. గురి మాత్రం చుట్టూ ఉన్న లోకం దగ్గర అరువు తెచ్చుకున్నది.

వాడి ఉత్తరం ఒకటి దొరికింది. తన బతుకును స్త్రీవాదులు పాడుచేశారని అందులో రాశాడు. చంపాలనుకున్నా వ్యవధి చాలక వదిలేసిన 19 మంది పేరున్న మహిళల జాబితా జతచేశాడు. ఇంకో సంగతీ రాశాడు: పత్రికలు తనను పిచ్చి హంతకుడంటాయని, తాను మాత్రం బాగా ఆలోచించే చేస్తున్నానని. వాడు తన గురించి చెప్పుకున్నదల్లా నమ్మాలని ఎవరూ అనరు. కానీ రైఫిల్‌ను దొంగతనంగా తేలేదు. లైసెన్సు తీసుకుని, వేటకని చెప్పి, దుకాణంలో కొన్నాడు. తేదీ తానే పెట్టుకున్నాడు, చోటు తానే ఎంచుకున్నాడు. ఇంత తీరికగా నడిచిన పనిని ‘ఒక్కసారిగా మతి తప్పింది’ అని కొట్టిపారేయడానికి సాక్ష్యం కావాలి. సాక్ష్యం అడిగితే ఘటననే చూపిస్తారు. పిచ్చివాడు కాబట్టి చంపాడు, చంపాడు కాబట్టి పిచ్చివాడు! గానుగెద్దు తిరిగినట్టు ఈ తర్కం ఎంత తిరిగినా అక్కడే ఉంటుంది.

దీనివల్ల నష్టం తర్కానికి మాత్రమే అయితే పోనిద్దుం. 2014లో కాలిఫోర్నియాలోని ఇస్లా విస్టాలో, విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న పేటలో, ఆడవాళ్ళ మీద కక్ష తీర్చుకుంటానని రాసి, వీడియో తీసి మరీ ఒకడు ఆరుగురిని చంపాడు. 2018లో టొరంటోలో ఒకడు పేవ్‌మెంట్ మీద నడుస్తున్న జనం మీదికి వ్యాన్ తోలాడు. దానికి ముందు ఆ ఇస్లా విస్టా హంతకుణ్ణి పొగుడుతూ ఇంటర్నెట్‌లో రాశాడు. మానసిక స్థితి కారణంగా ఇతను నేరానికి బాధ్యుడు కాడన్న వాదనను 2021లో కోర్టు తోసిపుచ్చింది. 2023లో కెనడాలోనే వాటర్లూ విశ్వవిద్యాలయంలో జెండర్ అంశాలు బోధిస్తున్న క్లాసులోకి పూర్వ విద్యార్థి ఒకడు కత్తితో వెళ్ళి ప్రొఫెసర్‌నూ ఇద్దరు విద్యార్థులనూ పొడిచాడు. వీటిని వేర్వేరు పిచ్చివాళ్ళ వేర్వేరు కథలుగా చదివినంతకాలం వాటి మధ్య సాగిన తీగ కనపడదు. ప్రతిసారీ ‘ఇలాంటిది ఎన్నడూ ఎరగం’ అని మొదటి నుంచి మొదలుపెడతాం. ఎరుగుదుం. 1989 నుంచీ ఎరుగుదుం. ఇక ఎవరికీ హాని చేయకుండా జబ్బుతో పోరాడుతూ బతికే లక్షల మందిని ఈ ఒక్క మాటతో అనుమానితుల వరసలో నిలబెడుతున్నామన్న సంగతి ‘పిచ్చి’ అని తేలిగ్గా అనేసేవాళ్ళకు తట్టినట్టే లేదు.

2. ‘చనిపోయినవాళ్ళు స్త్రీవాదులు కారు కదా’

అవతలి పక్షం చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే. దాన్ని తేలిగ్గా తీసుకోను. ఆ క్లాసులోనే నతాలీ ప్రొవో అనే విద్యార్థిని, తాము స్త్రీవాదులం కామని, ఇంజనీరింగ్ చదువుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళం మాత్రమేనని వాడికి చెప్పింది. మరి చనిపోయినవాళ్ళ తరఫున అంత స్పష్టంగా చెప్పిన మాట ఉండగా, వాళ్ళ సమాధి మీద స్త్రీవాదం పేరు రాయడం వాళ్ళ నోట్లో మాట పెట్టడం కాదా అని అడుగుతారు.

ఆమె చెప్పింది, వాడు కాల్చాడు. ఆమెకు నాలుగు తూటాలు తగిలాయి, బతికింది. ఆమె చెప్పినదాన్నీ వాడు చేసినదాన్నీ కలిపి చదవకుండా మొదటి దానితో ఆపేస్తేనే పై అభ్యంతరం నిలుస్తుంది. ఆమె జవాబు వాడికి ఎందుకు సరిపోలేదు? ఆడపిల్ల ఇంజనీరింగ్ బెంచీ మీద కూర్చోవడమే వాడి దృష్టిలో స్త్రీవాదం గనక. మతకల్లోలంలో పేరు అడిగి పొడిచినప్పుడు, చచ్చినవాడు గుడికి వెళ్ళేవాడా, నమాజు చేసేవాడా, అసలు దేవుణ్ణే నమ్మనివాడా అని మనం లెక్క తీయం. అతను నాస్తికుడైనా ఆ హత్య మతం వల్లనే జరిగింది. పొడిచిన చేతికి పేరు చాలింది. కులం అడిగి కొట్టిన చోటా అంతే.

చిన్నప్పుడు వల్లెవేసిన విభక్తులు ఇక్కడ పనికొస్తాయి. ‘కొరకు’ చతుర్థి, ‘వలన’ పంచమి. ఆ 14 మంది స్త్రీవాదం కొరకు చనిపోయారని రాస్తే అది అబద్ధం, వాళ్ళ జ్ఞాపకాన్ని వాడుకోవడం కూడా. స్త్రీవాద ద్వేషం వలన చనిపోయారని రాస్తే అది జరిగిన సంగతి. 2019 ఫలకం రెండోదే రాసింది. రాజకీయం చేస్తున్నారని గోల పెట్టేవాళ్ళు మొదటిది రాసినట్టుగా ఊహించుకుని దానితో యుద్ధం చేస్తున్నారు.

కుటుంబాల మాటకొద్దాం. దుఃఖించేవాళ్ళందరికీ ఒకే మనసు ఉంటుందని ఎవరు చెప్పారు? ఏ మాటా వద్దనుకుని తలుపులు మూసుకున్న కుటుంబాలుంటే, ఆ తలుపు తట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అదే కాలేజీ విద్యార్థులు, బతికి బయటపడ్డవాళ్ళు, బిడ్డను పోగొట్టుకున్న కన్నవాళ్ళు తుపాకుల నియంత్రణ కోసం ఐదు లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. హైడీ రాట్‌జెన్ ఆ రోజు అక్కడ విద్యార్థిని. దశాబ్దాల తర్వాత కూడా ఆ పోరాటంలోనే ఉంది. స్త్రీవాదులం కామని చెప్పిన ప్రొవో కూడా తర్వాత అదే పోరాటంలో ముందు నిలబడింది, తాను స్త్రీవాదినేనని బహిరంగంగా చెప్పింది, 2025లో కెనడా పార్లమెంటుకు ఎన్నికైంది. ‘బాధితుల మనోభావాలు’ అంటూ వీళ్ళనే నోరు మూయించబోతే ఆ మనోభావాలు ఎవరివి? ఇంట్లో వెలిగించే దీపం కుటుంబానిది. ఊరు నిలబెట్టే ఫలకం ఊరిది. ఊరు తన ఫలకం మీద ఏది రాయకూడదని నిర్ణయించుకుంటే అదీ ఒక రాజకీయ నిర్ణయమే, కాకపోతే సంతకం కనపడదు. ఆ ఘటన మీద, మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్ర ప్రభుత్వం బహిరంగ విచారణ జరిపించనే లేదు. దాన్ని మాత్రం ఎవరూ శవరాజకీయం అనలేదు.

3. ‘కారణం చెప్పడం హంతకుడికి ప్రచారం’

ఈ భయం ఉత్తది కాదు. 2007లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో కాల్పులు జరిపిన హంతకుడు తన వీడియోలను ఒక టీవీ సంస్థకు పోస్టులో పంపాడు, అవి ప్రసారమయ్యాయి, కుటుంబాలు మండిపడ్డాయి, మండిపడటం న్యాయమే. కానీ వాడి మొహాన్ని చూపించడం వేరు, వాడు ఎందుకు చంపాడో చెప్పడం వేరు. ఈ వ్యాసంలో మాంట్రియల్ హంతకుడి పేరు లేదు. లేనందువల్ల వాదంలో ఎక్కడా గండి పడలేదు. కారణాన్ని తీసేస్తే మాత్రం, ఆ రోజు గదిలో ఏం జరిగిందో ఒక్క వాక్యం కూడా నిజాయితీగా రాయలేం. ‘కొందరిని బయటకు పంపి కొందరిని కాల్చాడు’ అని రాసి, ఎవరిని అని అడిగితే నీళ్ళు నమలాలి.

కారణాన్ని దాచిపెట్టి చూసిన అనుభవమూ ఉంది. వాడి ఉత్తరాన్ని పోలీసులు బయటపెట్టలేదు. దాదాపు ఏడాది తర్వాత ఒక ప్రతి ఫ్రాన్సిన్ పెల్తియే అనే జర్నలిస్టుకు చేరింది. వాడి జాబితాలోని 19 పేర్లలో ఆమెదీ ఒకటి. 1990 నవంబరులో ‘లా ప్రెస్’ పత్రిక దాన్ని అచ్చువేసింది. ఆ ఏడాది కాలంలో వాడికి ప్రచారం తగ్గిందా? ఏమీ లేదు. మొహమూ పేరూ అందరికీ తెలుసు. తెలియనిదల్లా వాడు ఏం నమ్మాడన్నదే. అంటే ప్రచారాన్ని ఆపుతామన్న పేరుతో ప్రచారాన్ని వదిలేసి సాక్ష్యాన్ని దాచారు. ఇప్పుడు మాంట్రియల్‌లో ఏటా డిసెంబరు 6 సాయంత్రం మౌంట్ రాయల్ కొండ మీద నుంచి 14 కాంతిపుంజాలు ఒకదాని తర్వాత ఒకటి ఆకాశంలోకి వెలుగుతాయి, ఒక్కొక్క పేరూ చదువుతారు. అక్కడ హంతకుడికి చోటు లేదు. ఎందుకు చనిపోయారో చెప్పడానికి ఎవరూ వెనకాడటమూ లేదు. రెండూ ఒక్కచోట ఇముడుతున్నాయి కదా.

4. ‘మగవాళ్ళందరినీ దోషులను చేస్తున్నారు’

దీని మీద ఎక్కువ సేపు ఆగను. గాయపడినవాళ్ళలో నలుగురు మగవాళ్ళున్నారు, వాళ్ళ నెత్తురూ నెత్తురే. ఇక ఆ గదిలోంచి బయటకు పంపబడ్డ కుర్రాళ్ళు: తుపాకీ ముందు చేతకాని పిరికివాళ్ళని వాళ్ళను ఏళ్ళ తరబడి ఆడిపోసుకున్నారు. ఆడిపోసుకున్నది స్త్రీవాదులని అనుకుంటే పొరపాటు. మగాడంటే ఆడదాన్ని కాపాడేవాడు అనే పాత నమ్మకం ఆ పని చేసింది. ఆడదాని చోటు మగాడు నిర్ణయించాలనే నమ్మకానికి అది తోబుట్టువు. దాడి వెనక ఉన్న ఆలోచనకు పేరు పెడితే ఆ కుర్రాళ్ళ నెత్తి మీద బరువు దిగుతుంది. పేరు పెట్టకపోతే జనానికి దోషులు కావాలి గనక వాళ్ళే దొరుకుతారు. మహిళలపై హింసకు వ్యతిరేకంగా 1991లో వైట్ రిబ్బన్ ఉద్యమాన్ని కెనడా మగవాళ్ళే మొదలుపెట్టారు. దోషులమని తలవంచుకుని వచ్చినవాళ్ళు కారు వాళ్ళు.

5. ‘దుఃఖంలో చట్టాలు చేయకూడదు’

ఇంకొందరు మెత్తగా చెబుతారు: కారణాలు మాట్లాడండి గాని ఇప్పుడు వద్దు, కాస్త ఆగండి. ఎంతసేపు? ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ రాదు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మంది చనిపోయారు. సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్, ముంబై నుంచి చదువుకు వెళ్ళిన ఒక విద్యార్థిని ఆ 32 మందిలో ఉన్నారు. ఒక్కరోజు గడవకముందే దీన్ని తమ వాదానికి గుర్రంలా వాడుకునేవాళ్ళంటే తనకు పరమ అసహ్యమని మర్నాడు గవర్నర్ టిమ్ కెయిన్ అన్నాడు. అప్పటికి ఆ మాట అందరికీ నచ్చింది. కానీ హంతకుడికి మానసిక చికిత్స తీసుకోవాలని 2005లోనే కోర్టు ఆదేశించిందని, ఆసుపత్రిలో చేర్చే ఆదేశం కాదు గనక వర్జీనియా ఆ వివరాన్ని తుపాకీ కొనుగోళ్ళ తనిఖీ జాబితాకు పంపలేదని, అందుకే వాడు రెండు పిస్టళ్ళు దర్జాగా కొన్నాడని బయటపడింది. ఏప్రిల్ 30న అదే గవర్నర్ ఆ కంతను పూడుస్తూ ఆదేశం ఇచ్చాడు. రెండు వారాలు! ఆ రెండు వారాల్లో ఎవరో ఒకరు ‘ఇప్పుడు కాదు’ అన్న సలహాను పెడచెవిన పెట్టి తవ్వబట్టే ఆ కంత కనబడింది.

టెక్సస్ విశ్వవిద్యాలయంలో 1966 ఆగస్టు 1న గడియారపు టవర్ ఎక్కి ఒకడు జనాన్ని కాల్చాడు. అక్కడ కావలసినంత మౌనం పాటించారు. చనిపోయినవారి పేర్లు చెక్కిన గ్రానైట్ రాయి నిలబెట్టడానికి 50 ఏళ్ళు పట్టింది. 2016 ఆగస్టు 1న ఆ రాయిని ఆవిష్కరించారు. సరిగ్గా అదే రోజున, లైసెన్సు ఉన్నవాళ్ళు టెక్సస్ విశ్వవిద్యాలయాల్లోకి తుపాకీ దాచుకుని రావచ్చన్న చట్టం అమల్లోకి వచ్చింది. తేదీ కావాలని పెట్టారా, కాకతాళీయమా అన్నది నాకు ముఖ్యం కాదు. దుఃఖించేవాళ్ళు నోరు మూసుకున్నంత మాత్రాన చట్టాలు చేసేవాళ్ళు నోరు మూసుకోరు.

ఆవేశంలో చేసిన చట్టం లోపాలతో వస్తుందన్న మాటలో నిజం ఉంది. కెనడా 1995లో తెచ్చిన తుపాకుల రిజిస్ట్రీకి నికర ఖర్చు 20 లక్షల డాలర్లేనని మొదట చెప్పి, చివరికి వంద కోట్లు దాటించారు. అది చేతకాని నిర్వహణ, దాన్ని వెనకేసుకురాను. 2012లో వేట తుపాకులు, రైఫిళ్ళ నమోదును ఎత్తేశారు. తన ప్రాంతపు వివరాలనైనా ఇమ్మని క్యుబెక్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2015లో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. చివరికి సొంత రిజిస్ట్రీ పెట్టుకుంది. ఇదంతా జరుగుతుండగా పాలిటెక్నిక్‌లో వాడిన రూగర్ మినీ-14 మాత్రం దుకాణాల్లో ఉంటూనే వచ్చింది. దాన్ని నిషేధించింది 2020 మేలో. అంతకు రెండు వారాల ముందు కెనడాలోనే నోవా స్కోషియాలో ఒకడు తన సహచరి మీద దాడితో మొదలుపెట్టి 22 మందిని చంపాడు; వాడి తుపాకుల్లోనూ ఒక మినీ-14 ఉంది. తొందరపడి చేసిన చట్టం వల్ల జరిగిన చేటు డాలర్లలో ఉంది. 30 ఏళ్ళ నిదానం ఖరీదు ఏమిటో నిదానం కోరేవాళ్ళు లెక్కకట్టి చెప్పాలి.

6. మన దగ్గర

ఇదంతా ఎక్కడో మంచుదేశపు గొడవ అనుకునే తెలుగు పాఠకుడు తన ఇంటి పత్రిక తిరగేయాలి. ఆడపిల్ల కాదన్నందుకు గొంతు కోసినవాడికి, యాసిడ్ పోసినవాడికి మన పాత్రికేయులు ఏనాడో ఒక బిరుదు ఖాయం చేశారు: ‘ప్రేమోన్మాది’. మాంట్రియల్ ‘పిచ్చివాడి’కి ఇది ఇంకో మెట్టు పైన. అందులో పిచ్చి ఉంది, దానికి తోడు ప్రేమ కూడా ఉంది! ఆ ప్రేమ ఎవరికి కనిపించింది? ఆమె కాదనడాన్ని సహించలేనివాడి అహంకారానికి ప్రేమ అని పేరుపెట్టి, వాడి పథకానికి ఉన్మాదం అని పేరుపెట్టి, రెంటినీ సంధి కలిపి అచ్చువేస్తున్నాం. గుణసంధి దోషం లేకుండా కుదిరింది, అర్థమే తలకిందులైంది. రెండో బిరుదు ‘మృగాడు’. ఏ మృగమూ కక్షగట్టి యాసిడ్ కొని తీసుకురాదు.

ఈ మాటలు అచ్చుతో ఆగవు. హంతకుడు ఉన్మాదో మృగమో అయితే చేయాల్సింది ఒక్కటే మిగులుతుంది: వాణ్ణి లేకుండా చేయడం. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. తర్వాత ఒకరు చనిపోయారు. దాడి జరిగిన కొద్ది రోజులకే ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో పోయారు, కేసు ముగిసినట్టు ఊరు ఊపిరి పీల్చుకుంది. ఎవరికైనా చిల్లరగా అమ్ముతున్న యాసిడ్ మీద సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది 2013లో, అదీ మరో బాధితురాలు కోర్టుకెక్కితే. 2019 డిసెంబరు 6న, మాంట్రియల్‌లో 30వ వర్ధంతి జరిగిన రోజునే, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన ‘దిశ’ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పూలు చల్లారు. పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని 2022లో జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ పూలు బాధితురాలికి నివాళి అనుకున్నవాళ్ళు, ఆమె జ్ఞాపకార్థం ఒక్క ప్రశ్న అయినా మిగిలిందా అని చూసుకోవాలి. మాంట్రియల్‌లో ‘పిచ్చి’ మౌనానికి దారితీసింది, ఇక్కడ ‘మృగం’ తుపాకీకి దారితీసింది. రెండు చోట్లా విచారణే తప్పిపోయింది.

కెనడా పార్లమెంటు 1991లో డిసెంబరు 6ను మహిళలపై హింస విషయంలో ‘స్మరణ, కార్యాచరణ’ దినంగా ప్రకటించింది. ఆ రెండో మాట లేకుండా మొదటిది చాలునన్నదే నేను ఖండిస్తున్న అభిప్రాయం. స్మారకం మీద నాలుగు సంగతులుండాలి: ఎవరు చనిపోయారు, ఎవరన్న కారణంగా వాళ్ళను ఎంచుకున్నారు, ఏ ఆయుధంతో, ఆ ఆయుధం ఎలా చేతికొచ్చింది. మొదటిది ఒక్కటే రాసి మిగతా మూడూ మర్యాద కోసం వదిలేశామంటే, ఆ మర్యాద పోయినవాళ్ళకు అక్కర్లేదు. అది మిగిలి ఉన్న మనలో ఎవరినో కాపాడుతోంది. మన పత్రికల డెస్కుల్లో ఇలాంటి ఫలకం రోజూ కొత్తగా రాస్తూనే ఉంటారు, శీర్షిక రూపంలో. ‘ప్రేమోన్మాది ఘాతుకం’ అన్నచోట ‘కాదన్నందుకు చంపాడు’ అని రాయొచ్చు. లెక్కపెడితే ఒక్క అక్షరం ఎక్కువ.